మూడు ఇటుకల నీళ్ళు

మ్యాపులో మా ఇల్లు నీలంగా ఉంది.

మొదట సంతోషపడ్డాను. మునిసిపల్ ఆఫీసు హాల్లో గోడ మొత్తం ఆక్రమించిన ఆ పెద్ద కాగితం మీద ఎక్కడ చూసినా పసుపు, లేకపోతే ఆకుపచ్చ, అక్కడక్కడా గోధుమ రంగు. మా వీధి ఒక్కటే నీలం. మాదేదో ప్రత్యేకమైన వీధి కాబోలు అనుకున్నాను. చంకలో ఉన్న బుజ్జిది కూడా ఆ నీలమే నచ్చినట్టు దాని మీద వేలు పెట్టి గీకడం మొదలుపెట్టింది. వేలు లాగేసి, మ్యాపు అడుగున గళ్ళలో ఏం రాశారో చదివాను. పసుపు అంటే ఇళ్ళు. ఆకుపచ్చ అంటే సాగు. గోధుమ రంగంటే గోదాములూ వర్క్‌షాపులూ. నీలం అంటే 'నీటికి విడిచిన స్థలం'.

తొమ్మిదో తరగతి సగంలో మానేసినదాన్ని. ఏదైనా అర్థం కాకపోతే తప్పు నా చదువుదే అనుకోవడం నాకలవాటు. అందుకని నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ అదే ఉంది.

నిజానికి నేను ఆఫీసుకొచ్చింది మ్యాపు కోసం కాదు. మాది ఒక గది, ముందు వసారా, వెనకాల వంట. గదిలో మేం ముగ్గురం, వసారాలో అత్తయ్య. ఈ చలికాలంలో అత్తయ్య దగ్గుతుంటే బుజ్జిది లేచేది, బుజ్జిది ఏడుస్తుంటే అత్తయ్య లేచేది. వెనకాల ఇంకో గది వేద్దామని మా ఆయన నేల మీద సున్నంతో గీతలు కూడా గీసి, పని మీద పైఊరు వెళ్ళాడు. అనుమతి కాగితం ఎక్కడిస్తారో కనుక్కోవడం నా వంతు.

మ్యాపు పక్కన బల్ల వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. ముడిలో ఎర్ర పెన్సిలొకటి, నీలం పెన్సిలొకటి గుచ్చుకుంది. ఊళ్ళో అందరూ ఆవిడ్ని రంగుల మేడం అంటారని తర్వాత తెలిసింది.

"మేడం, మా ఇల్లు నీళ్ళకి విడిచేశారా?" అన్నాను.

"ఇది ఇరవై ఏళ్ళ ప్లానమ్మా. భూమి ఎక్కడ దేనికి వాడాలో ముందే అనుకుని పెట్టుకోవడం."

"అంటే ఇరవై ఏళ్ళయ్యాక మేం ఖాళీ చెయ్యాలా?"

"ఎవరూ ఖాళీ చెయ్యక్కర్లేదు."

"అయితే వెనకాల గది వేసుకోవచ్చా?"

"అది కుదరదు. నీలంలో ఉన్న ఇల్లు ఉంటుంది. బాగు చేసుకోవచ్చు, రంగులేసుకోవచ్చు. పెంచకూడదు."

"ఎప్పట్నుంచి?"

"ప్లాను ఖాయమైన రోజు నుంచి."

"ఎప్పుడు ఖాయమవుతుంది?"

"అభ్యంతరాలు చూశాక."

"ఎవరి అభ్యంతరాలు?"

"మీవేనమ్మా! ఇంకెవరివి?" అందావిడ. "ఇది ముసాయిదా. ఇంకా పన్నెండు రోజులు గోడకుంటుంది. ఈలోగా ఎవరికేం చెప్పాలనుందో రాసివ్వొచ్చు."

ఇల్లుంటుంది, పెరగదు. బుజ్జిది పెరుగుతుంది. ఇరవై ఏళ్ళకి దానికి ఇరవై ఒకటి దాటుతుంది. అప్పటికి కూడా మేం నలుగురం అదే గదీ అదే వసారానా? ప్లాను ఇంకా ఖాయం కాలేదంటున్నారు, గది మాత్రం ఇప్పుడే వద్దంటున్నారు. తల తిరిగింది.

"ఊరంతా పసుపేసి మా వీధికే నీలం ఎందుకేశారు మేడం? మేమేం పాపం చేశాం?"

ఆవిడ ఓ ఫైలు తీసి కాగితాలు తిప్పింది. "నిరుడు ఇంటింటికీ వచ్చి అడిగాం. వానలప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయని. మీ వీధిలో పదిహేడిళ్ళలో పదహారిళ్ళవాళ్ళు నోటితో చెప్పారు గానీ సంతకం పెట్టలేదు. సంతకం లేని మాట ప్లానులోకి రాదు. ఒక్క ఇంటివాళ్ళు పెట్టారు. ఆ మాటా, నేల పల్లం లెక్కా కలిపి చూసి వీధంతా నీలం వేశాం. ఇదిగో."

కాగితం నావైపు తిప్పింది. 'నీటి మట్టం: మోకాళ్ళ దాకా' అని ఉంది. దాని కింద గుండ్రటి అక్షరాలతో, బడిలో కాపీ పుస్తకం రాసినంత శ్రద్ధగా పెట్టిన సంతకం.

నాదే.

*

ఆ రోజు నాకు బాగా గుర్తు. బుజ్జిదానికి అప్పుడు మూడు నెలలు. అత్తయ్య ఇంట్లో లేదనుకున్నాను. టోపీలు పెట్టుకున్న ఇద్దరు గుమ్మంలో నిలబడి, "నీళ్ళొస్తాయామ్మా?" అనడిగారు.

మా వీధిలో ఒక పద్ధతుంది. కాపురానికొచ్చిన మొదటి వారంలోనే నాకు నేర్పేశారు. చేతిలో కాగితమున్న మనిషి ఎవరొచ్చినా కష్టాన్ని రెండింతలు చేసి చెప్పాలి. దీపం మిణుకుమిణుకుమంటుంటే చీకటి అనాలి. కుళాయి సన్నగా వస్తుంటే ఎండిపోయింది అనాలి. నీళ్ళ సంగతైతే పోటీయే. మా అత్తయ్య మోకాళ్ళ దాకా అనేది. నాలుగిళ్ళవతల కొట్టు పిన్ని నడుము దాకా అనేది. వీధి మొదట్లో మైకు బాబాయి, ఆయన గొంతుకి మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరొచ్చింది, పీకల దాకా అని మెడ మీద చెయ్యి పెట్టి మరీ చూపించేవాడు. అలా చెబితేనే వచ్చినవాడు కనీసం సగమైనా రాసుకుంటాడని వాళ్ళ నమ్మకం.

నేను ఈ ఇంటికొచ్చి అప్పటికి రెండున్నరేళ్ళు. చుక్క నీరు చూడలేదు. కానీ ఇంటి కోడలిగా ఇంటి మాట నిలబెట్టాలని, "మోకాళ్ళ దాకా వస్తాయండీ" అన్నాను. సంతకం అడిగితే పెట్టాను. చక్కగా పెట్టాను కూడా. చాలా రోజుల తర్వాత ఒకరు నన్ను రాయమని పెన్ను ఇచ్చారు.

పద్ధతిలో రెండో సగం నాకెవరూ చెప్పలేదు. ఎంతైనా చెప్పొచ్చు, సంతకం మాత్రం పెట్టకూడదు.

*

ఇంటికొచ్చి నీలం సంగతి చెప్పాను. ఆ ఒక్క సంతకం నాదని మాత్రం చెప్పలేదు.

సాయంత్రానికి వీధివీధంతా మైకు బాబాయి అరుగు దగ్గర పోగైంది.

"పీకల్దాకా వస్తే ఈ మనిషి ఇంకా బతికెలా ఉన్నాడని అనుమానం కూడా రాలేదా ఆ ఆఫీసువాళ్ళకి?" అంది కొట్టు పిన్ని.

"నేనన్నది వాళ్ళు రాసుకోలేదుగా! ఎవరో సంతకం పెట్టి మరీ తగలేశారట," అన్నాడు బాబాయి. "ఆ సంతకం పెట్టిన చెయ్యేదో తెలిస్తే గానీ నాకు అన్నం సయించదు."

"నీకు అన్నం సయించని రోజు వస్తే మీ ఆవిడ పండగ చేసుకుంటుంది," అంది పిన్ని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చెయ్యి కొంగు కింద దాచుకుని నవ్వాను.

చివరికి తేలిందేమిటంటే, పదిహేడిళ్ళవాళ్ళూ పదిహేడు అభ్యంతరాలు ఇవ్వాలి. అన్నిట్లో ఒకటే మాట: మా ఇంటికి చుక్క నీరు రాదు.

"రాసేదెవరు?" అన్నాడు బాబాయి.

అందరూ నావైపు చూశారు. మా వీధి ఆడవాళ్ళలో ఎక్కువ చదివింది నేనే. మగవాళ్ళలో ఎక్కువ చదివినవాళ్ళకి తీరికుండదు.

"అమ్మాయ్, నువ్వే దిక్కు," అన్నాడు బాబాయి. "గుండ్రంగా, అందంగా రాస్తావటగా."

ఆ మాటకి నా పైప్రాణాలు పైనే పోయాయి. తర్వాత అర్థమైంది, ఆయన మామూలుగానే అన్నాడని.

*

రోజూ బుజ్జిది పడుకున్నాక మధ్యాహ్నం పూట రాసేదాన్ని. రాసిన కాగితం పట్టుకెళ్ళి ఆ ఇంట్లో చదివి వినిపించి సంతకం పెట్టించుకోవాలి. ఈసారి సంతకం పెట్టొచ్చని బాబాయి చాటింపు వేశాడు.

అంతకుముందు ఎవరింటికెళ్ళినా గుమ్మం దగ్గరే మాట్లాడి వచ్చేసేదాన్ని. ఇప్పుడు కూర్చోవలసి వచ్చింది. కూర్చుంటే కళ్ళు ఊరుకోవు కదా. మా పక్కింట్లో మంచం కోళ్ళ కింద ఇటుకలున్నాయి. బియ్యం డబ్బా కింద ఉన్నాయి. బట్టల పెట్టె కింద ఉన్నాయి. మా ఇంట్లోనూ అంతే. కొత్తలో ఎందుకని అడిగితే అత్తయ్య, "ఊడ్చుకోడానికి," అంది. నిజమే కాబోలు, చీపురు సులువుగా పోతుంది అనుకున్నాను.

మా మంచం కింద ఇటుకలు మాత్రం నిరుడు నేనే తీయించాను. బుజ్జిది దొర్లడం నేర్చిన రోజుల్లో, ఎత్తు మీంచి పడితే తల పగులుతుందని నాకు ఒకటే భయం. కళ్ళు మూసుకుంటే అది పడిపోతున్నట్టే ఉండేది. మా ఆయన ఇటుకలు తీసి గోడవార పేర్చాడు. అత్తయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. "మంచం నేలకి దించుతారా ఎవరైనా!" అని ఒకటే గొణుగుడు. పాతకాలపు పట్టింపు అనుకుని ఊరుకున్నాను.

కొట్టు పిన్ని ఇంట్లో కాగితం చదువుతూ, మా ఇంటికి చుక్క నీరు రాదు అన్న దగ్గర ఆగాను. ఎదురుగా ఆవిడ మంచం. కోళ్ళ కింద రెండు ఇటుకలు. మూడు కాదు, రెండు.

"పిన్నీ, మంచం కింద ఇటుకలెందుకు?"

"ఊడ్చుకోడానికి."

"మాకు మూడున్నాయేం?"

"మీ అత్తకి శుభ్రం ఎక్కువ," అని ఆవిడ చటుక్కున పెన్ను లాక్కుని సంతకం పెట్టేసింది.

అప్పట్నుంచి నాకు వేరే పని లేకుండా పోయింది. కాగితం చదువుతున్నట్టే ఉండి ఇటుకలు లెక్కపెట్టడం. వీధి చివరనున్న ఐదిళ్ళలో, మాదీ అందులోనే, మూడేసి. మధ్యలో కొట్టు పిన్నితో కలిపి నాలుగిళ్ళలో రెండేసి. ఆ పైన మూడిళ్ళలో ఒక్కొక్కటి. వీధి మొదట్లో ఐదిళ్ళలో అసలేం లేవు. పీకల దాకా నీళ్ళొస్తాయన్న మైకు బాబాయి ఇంట్లో మంచం నేల మీదే హాయిగా ఉంది.

మర్చిపోతానని మా ఇంటికని ఉంచిన కాగితం వెనకాల గీసుకున్నాను. పదిహేడు గళ్ళు. గడికో అంకె. గీశాక దాన్ని చూస్తూ కూర్చున్నాను. పై నుంచి కిందికి మెట్లలా దిగుతోంది.

ఊడ్చుకోడానికైతే చివరిళ్ళవాళ్ళే ఎందుకంత ఊడ్చుకుంటారు?

మా ఆయనకి ఫోన్ చేశాను. వెనకాల యంత్రాల మోత.

"ఏవండీ, మనింటికి నీళ్ళొస్తాయా?"

"ఏం నీళ్ళు? కుళాయా?"

"కుళాయి కాదు. వాన నీళ్ళు. ఇంట్లోకి."

"అమ్మనడుగు," అన్నాడు.

"మీరు పుట్టి పెరిగిన ఇల్లు కదండీ!"

"చిన్నప్పుడెప్పుడో. నాకేం గుర్తుంటుంది? ఏదో ఒకటి రాసెయ్యవే. గది ముఖ్యం."

గది ముఖ్యమే. కాదనలేదు నేను. కానీ నేల మీద పడుకునేది ఎవరు? మంచం దించింది ఎవరు?

పదహారు కాగితాలయ్యాయి. పదిహేడోది మాది. పైన ఇంటి నంబరు వేసి పెన్ను మూసేశాను. ఇంకా రెండు రోజులుంది.

*

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య వసారాలో బట్టలు మడతపెడుతోంది. నేను పక్కన కూర్చుని, బుజ్జిదాని గౌను ఒకటే మూడుసార్లు మడిచాను.

"అడిగేదేదో అడుగు," అంది అత్తయ్య. "గౌను అరిగిపోతుంది."

"ఆ సంతకం నాదే అత్తయ్యా."

"తెలుసు."

నా చేతిలో గౌను అలాగే ఉండిపోయింది.

"ఆ వేళ వెనకాల గోడ పక్కనే ఉన్నా. కోడలు మోకాళ్ళ దాకా అంటుంటే విన్నా. పర్లేదు, ఇంటి మాట పట్టుకుంది అని మురిసిపోయా. సంతకం కూడా పెడతావని ఎవరనుకున్నారు?"

"మరి చెప్పలేదేం ఎవరికీ?"

"చెప్తే నిన్నంటారు. నిన్నంటే నన్నన్నట్టు కాదూ?"

ఏడుపొచ్చింది. ఆపుకుని అడిగాను. "మోకాళ్ళ దాకా వస్తాయా?"

"రావు."

"అయితే చుక్క కూడా రాదని రాసెయ్యనా?"

అత్తయ్య ఓ దుప్పటి తీసింది. దుప్పటి రెండు కొసలూ నా చేతికిచ్చింది. ఇద్దరం లాగి పట్టుకున్నాం.

"ఊడ్చుకోడానికేనా ఇటుకలు?" అన్నాను.

"నీకు కళ్ళు మరీ ఎక్కువయ్యాయి," అంది. దుప్పటి మడత పడేదాకా ఆగి చెప్పింది. "మూడు ఇటుకలు. దానికి పైన ఎప్పుడూ రాలేదు. మీ ఆయన అప్పుడు పాకేవాడు. వాణ్ణి బియ్యం డబ్బా మీద కూర్చోబెట్టి, పడిపోకుండా పట్టుకుని నిలబడ్డా, పగలూ రాత్రీ. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎంత లోతని అడిగారు. మూడు ఇటుకలన్నాను. నవ్వి, ఓస్ అంతేనా అని ఫోన్ పెట్టేశారు. మూడు ఇటుకల నీళ్ళకి ఎవడొస్తాడు చెప్పు? ఆ తర్వాతే మోకాళ్ళ దాకా అనడం మొదలుపెట్టా."

"మా నాన్న అడిగితే చుక్క రాదన్నారట కదా, పెళ్ళి మాటలప్పుడు?"

"నీళ్ళొచ్చే ఇంటికి పిల్లనిస్తాడా మీ నాన్న?"

నాకు కోపం రావాలి. వచ్చిందేమో కూడా. కానీ ఏ మాట మీద రావాలో తెలియలేదు. ఆఫీసువాళ్ళకి ఒక లెక్క, వియ్యంకుడికి ఒక లెక్క, నాకు చీపురు లెక్క. నిజం మంచం కోళ్ళ కింద పెట్టి, దాని మీదే ఇన్నాళ్ళూ పడుకున్నారు.

"మళ్ళీ వస్తాయా అత్తయ్యా?"

"వస్తాయి. ఏటా కాదు. ఎప్పుడొస్తాయో తెలిస్తే ఇటుకలెందుకే?"

"మంచం దించిన రోజున చెప్పొచ్చు కదా!"

"చెప్తే పిల్లనెత్తుకుని పుట్టింటికి పోతావేమోనని," అంది. దుప్పటి తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

బుజ్జిది గదిలో నేల మీద పడుకుని ఉంది. బొంత మీద, బోర్లా. నేల మీద నుంచి మూడు ఇటుకలు ఎంతో జానతో కొలిచాను. దాని తల మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూశాను. ఆ తర్వాత కొలవలేదు.

*

ఆఖరి రోజు పదిహేడు కాగితాలూ పట్టుకుని ఆఫీసుకెళ్ళాను. దారంతా మనసు మారుతూనే ఉంది. చుక్క రాదని రాస్తే నీలం పోతుంది, గది వస్తుంది, ఆ గదిలోకీ నీళ్ళొస్తాయి. వస్తాయని రాస్తే గది రాదు. నీళ్ళు మాత్రం ఆగుతాయా? అదీ లేదు. రాసినా రాయకపోయినా నీళ్ళకి ఆ కాగితంతో పనిలేదు. మరి నేనెందుకు ఇంత బాధపడుతున్నానో కూడా అర్థం కాలేదు. ఆఫీసు మెట్ల మీద కూర్చుని, బుజ్జిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, మా కాగితం అప్పుడు రాశాను.

రంగుల మేడం వరసగా చదివింది. "పదహారిళ్ళవాళ్ళూ ఒకే దస్తూరి. మీ వీధిలో అందరూ ఒకే బడిలో చదివారా?" అంది.

బుజ్జిదాన్ని ఇంకో చంకకి మార్చుకున్నాను.

పదిహేడోది తీసింది. పైకే చదివింది. "మా ఇంట్లోకి నీళ్ళు వస్తాయి. మోకాళ్ళ దాకా రావు. ముందు చెప్పింది తప్పు. మూడు ఇటుకల ఎత్తు వస్తాయి. ఎప్పుడొస్తాయో తెలియదు. మా వీధి అంతా ఒకటిగా ములగదు. కాగితం వెనక చూడండి. ఇల్లు పెంచొద్దంటే, నేలకి నాలుగు ఇటుకల పైన ఎత్తుగా గది వేసుకోనివ్వగలరేమో చెప్పండి. లేదంటే పసుపులో మాకు చోటు ఎప్పుడిస్తారో, ఏ ఏడాదో రాసి చెప్పండి. ఇరవై ఏళ్ళు అంటే నాకు అర్థం కావడం లేదు."

కాగితం తిప్పి నా గళ్ళ బొమ్మ చూసింది. మూళ్ళు, రెళ్ళు, ఒకట్లు, సున్నాలు.

"ఏమిటిది?"

"మంచాల కింద ఇటుకలు మేడం."

ఆవిడ లేచి మ్యాపు దగ్గరికెళ్ళింది. మా వీధి మీద సన్నటి గీతలేవో ఉన్నాయి, వాటి పక్కన చిన్న అంకెలు, నేల పల్లం లెక్క కాబోలు. నా కాగితం పక్కన పెట్టి వేలితో ఒక్కో ఇల్లూ దిగుతూ వచ్చింది. మధ్యలో ఓసారి ముడిలోంచి పెన్సిలు తీసి, మళ్ళీ గుచ్చుకుంది.

"అయితే పైన ఐదిళ్ళకి నీలం ఉండక్కర్లేదేమో," అంది తనలో తాను. నావైపు తిరిగి, "మీ ఇల్లు మాత్రం..." అని ఆపేసింది.

"తెలుసు మేడం."

"మీరే రాసిచ్చినట్టవుతుంది."

"పోయినసారి కూడా నేనే రాసిచ్చాను కదా."

ఆవిడ నవ్వలేదు. "ఎత్తు మీద గది సంగతి నేను ఒక్కదాన్ని తేల్చేది కాదు. కమిటీలో పెడతాను. ముందు నేనే వచ్చి చూడాలి. రేపు పదింటికి వచ్చి ఈ ఇటుకలు లెక్కపెడతాను," అంది.

అది మంచి మాటో చెడ్డ మాటో తెలియక తలూపి వచ్చేశాను.

*

తప్పు నాదే. వస్తూ వస్తూ కొట్టు దగ్గర ఆగి, రేపు మేడం ఇటుకలు లెక్కపెట్టడానికి వస్తోందని పిన్నికి చెప్పాను. అందరికీ తెలిస్తే మంచిదనుకున్నాను. నేను ఇంటికి చేరేసరికి మా వీధి తన పద్ధతిలో పడిపోయింది. అయితే ఏ పద్ధతో దానికే తెలియలేదు.

ఒకింట్లో ఇటుకలు తీసి పెరట్లో పారేస్తున్నారు. దాని పక్కింట్లో ఇంకో రెండు ఎక్కిస్తున్నారు, మంచం మీదికి ఎక్కాలంటే ఇప్పుడు పీట కావాలి. మైకు బాబాయి వీధి మధ్యలో నిలబడి, "తియ్యండి, అన్నీ తియ్యండి!" అని అరుస్తున్నాడు. కాసేపటికి, "ఆగండాగండి, నష్టానికి సాయం ఏమైనా ఇస్తారేమో కనుక్కోండి!" అని మళ్ళీ అరిచాడు. తీసినవాళ్ళు పెట్టడం, పెట్టినవాళ్ళు తియ్యడం మొదలైంది.

నన్ను చూసి, "ఏమ్మా, నువ్వేం రాసిచ్చావు?" అన్నాడు.

దాచి లాభం లేదనిపించింది. "ఉన్నదే రాశాను బాబాయ్. నిరుడు సంతకం పెట్టిన చెయ్యి కూడా ఇదే," అని చెయ్యి చూపించాను.

ఆయన నోరు తెరిచాడు. మొట్టమొదటిసారి ఆయన గొంతులోంచి ఏమీ రాలేదు. కొట్టు పిన్ని మాత్రం, "ఇవాళ అన్నం సయిస్తుందిలే, తెలిసిపోయిందిగా," అంది. ఎవరో నవ్వారు. ఎవరో తిట్టారు కూడా, వినబడింది. నేను ఇంట్లోకి వెళ్ళిపోయాను.

అత్తయ్య గదిలో గోడవార ఇటుకల ముందు కూర్చుని, ఒక్కోదాన్నీ కొంగుతో తుడుస్తోంది.

"గది రాదేమో అత్తయ్యా," అన్నాను.

"ముందు ఇటు పట్టు."

నేను మంచం ఒక మూల ఎత్తాను. ఆవిడ కోడు కింద మూడు తోసింది. ఇంకో మూల. బుజ్జిది మేం ఆడుకుంటున్నాం అనుకుని చప్పట్లు కొట్టింది. కిటికీలోంచి కొట్టు పిన్ని తొంగి చూసి, "ఏంటక్కా, అందరూ తీస్తుంటే నువ్వు పెడుతున్నావ్?" అంది.

"ఊడ్చుకోడానికి," అంది అత్తయ్య.

నాలుగు మూలలూ అయ్యాక కూడా నాకు తృప్తి లేదు. చెయ్యి పెట్టి కొలిచాను. నేలకి దూరమైంది. ఇప్పుడు పిల్ల పడితే? పడితే దెబ్బ, దించితే నీళ్ళు. ఎటు చూసినా పిల్లే. చివరికి మంచాన్ని గోడకి ఆనించి, ఇవతల అంచుకి బట్టల మూటలు పేర్చాను. మళ్ళీ అత్తయ్య వైపు చూశాను. ఆవిడకి అర్థమైంది. పెరట్లోకి వెళ్ళి, పక్కింటివాళ్ళు పారేసినవి నాలుగు ఏరుకొచ్చింది.

మర్నాడు పదింటికి మేడం వచ్చింది. చేతిలో టేపు. మొదటిళ్ళలో ఏం చూసిందో, ఎవరేం చెప్పారో తెలియదు గానీ, మా గుమ్మంలోకి వచ్చేసరికి మొహం గందరగోళంగా ఉంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది. గందరగోళం నా ఒక్కదానిదే కాదన్నమాట.

మంచం దగ్గర వంగి కోడు కింద చూసింది.

"మూడని రాశారు. ఇక్కడ నాలుగున్నాయేంటమ్మా?"

వీధి అలవాటు నాలిక చివరిదాకా వచ్చింది. నాలుగే మేడం, నాలుగు వస్తాయి అనేస్తే? గది ఇంకా ఎత్తుగా వేసుకోనిస్తారా? లేక అసలే వేసుకోనివ్వరా? ఏది అంటే ఏమవుతుందో ఇప్పటికీ నాకు తెలియదు. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది.

"నీళ్ళకి మూడే మేడం," అన్నాను. "నాలుగోది నా భయానికి."

ఆవిడ టేపు తీసి, మూడు ఇటుకల దాకానే కొలిచింది. ముడిలోంచి పెన్సిలు లాగి ఏదో రాసుకుంది. ఏ రంగు పెన్సిలో చూద్దామనుకున్నాను. సరిగ్గా అప్పుడే బుజ్జిది మూటల మీంచి ఇవతలికి పాకింది. పరుగెత్తి పట్టుకున్నాను.